ఆరు పోలికలు, ఆరు తేడాలు

ఒక కథను ఒంటరిగా చదవడం ఇప్పటికింకా నేరం కాదు గానీ, బాధ్యతలేని పని కిందికి వస్తుంది. పక్కన మరో కథ లేకుండా ఏ కథా అర్థం కాదని విద్యాశాఖవారు కనిపెట్టి చాలా ఏళ్ళయింది. (అంతకు ముందు తరతరాలుగా ఒక్కో కథే చదువుకుంటూ వచ్చిన జనానికి అసలేం అర్థమైందో విచారించడానికి ఓ ఉపసంఘం వేశారు. ఒక్క ఉపసంఘం చెప్పేది నమ్మలేం కాబట్టి, పోల్చి చూడడానికి రెండోది ఏర్పడేదాకా మొదటిది పని మొదలుపెట్టకూడదని ఆదేశం.)

ఈ మహత్తర సత్యాన్ని కాపాడేందుకు వెలసిన సంస్థే సామ్యభేద నిర్ణయ మండలి. ఎనిమిదో తరగతి వాచకంలో ఏ కథ పక్కన ఏ కథ కూర్చోవాలో తేల్చేది వీరే. రెండు కథలూ అయ్యాక ఒక పట్టిక ఉంటుంది. ఇతివృత్తం, పాత్రలు, నేపథ్యం, సంఘర్షణ, దృష్టికోణం, ముగింపు అని అందులో ఆరు వరుసలు. ఒక్కో వరుసకి పోలిక అని ఒక గడి, తేడా అని ఒక గడి. గళ్ళన్నీ నిండాలి. ఒక్కటి ఖాళీగా ఉన్నా ఆ జత చెల్లదు. ఆరే ఎందుకు, కథలో ఇంకేమీ ఉండవా అని ఒక అమాయక ఉపాధ్యాయుడు అడిగాడట. ఏడో వరుస వేస్తే పేజీ నంబరుకి చోటుండదని లిఖితపూర్వకంగా సమాధానం వచ్చింది. (ఆయన్ని ఆ తర్వాత డ్రిల్లు మాస్టరుగా మార్చారని విన్నాను. అక్కడ ప్రశ్నలడిగే అవసరం రాదు, ఎవరు ముందు పరిగెత్తితే వాళ్ళు గెలిచినట్టు.)

గళ్ళు నింపడం మీరు భయపడేంత కష్టమేమీ కాదు. సముద్రం మీద నడిచే కథకీ వంటింట్లో నడిచే కథకీ నేపథ్యంలో పోలిక ఏమిటయ్యా అంటే, రెండు చోట్లా ఉప్పు ఉంది. దృష్టికోణంలో పోలిక ఏమిటంటే, రెండూ ఎవరో ఒకరు చెప్పినవే. ఇలాంటి ఆణిముత్యాలు మండలి దగ్గర కొల్లలుగా ఉన్నాయి. కాకపోతే ఒక పోలికను ఒకసారి వాడితే మళ్ళీ ఐదేళ్ళదాకా వాడకూడదని నియమం, లేకపోతే పిల్లలు బట్టీ పట్టేస్తారు. అందువల్ల ఉప్పు ప్రస్తుతం అందుబాటులో లేదు.

ఇంతవరకూ ఇదంతా నాకు నవ్వులాటగానే ఉండేది. వారం వారం పేపర్లో ఇలాంటి సంస్థల మీద నాలుగు ముక్కలు రాసుకుని బతికేవాణ్ణి. తిట్టుకోవడానికి ఏదో ఒక మండలి ఉండడం నాకూ అవసరమే. మా మేనత్త కథ దాని నోట్లో పడ్డాక మాత్రం నవ్వు రావడం మానేసింది.

మా అత్తయ్య రైల్వే టికెట్ కౌంటర్లో పనిచేసి రిటైరైంది. ఆవిడ జన్మలో రాసింది ఒకే ఒక్క కథ. ఇరవయ్యేళ్ళ వయసులో రాస్తే ఓ వారపత్రిక వేసుకుంది. కథ చాలా చిన్నది. బడి తెరిచేనాటికి వేసుకోవాలని చెల్లెలికి కొత్త గౌను కుడుతూ ఉంటుంది అక్క. కుట్టడం అంతా అవుతుంది, కింది అంచు మాత్రం మడిచి గుండుసూదులు గుచ్చి పెడుతుంది. ఆ సాయంత్రమే జ్వరం వస్తుంది. "రేపు కుడతాలే" అని పడుకుంటుంది. ఆ జ్వరంలోనే పోతుంది. చెల్లెలు ఆ గౌను అలాగే వేసుకుని బడికి వెళుతుంది. సూదులు మోకాళ్ళకి గుచ్చుకోవడం చూసి టీచరు వాటిని తీసేయబోతే, పిల్ల గౌను వెనక్కి లాక్కుంటుంది. "అక్క కుడతానంది" అంటుంది. కథ అక్కడితో అయిపోతుంది.

ఆ పిల్ల మా అత్తయ్యే. ఆ అక్క నేను పుట్టకముందే పోయిన మా పెద్దత్తయ్య. ఆమెకి ఫొటో అంటూ ఒక్కటీ లేదు. ఆమె నవ్వెలా ఉండేదో, చెల్లెల్ని ఎలా పిలిచేదో తెలిసిన మనిషి ఈ భూమ్మీద అత్తయ్య ఒక్కతే మిగిలింది. కథలో అక్క పేరు కూడా అసలు పేరే. ఆ కథని ఎనిమిదో తరగతి వాచకంలోకి తీసుకుంటున్నామని మండలి నుంచి ఫోన్ వచ్చిన రోజున అత్తయ్య మా ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"ఒరేయ్, లక్షల మంది పిల్లలు మా అక్క పేరు చదువుతారట్రా" అని ఏడ్చేసింది. "నేను పోయాక ఎవరికీ తెలీకుండా పోతుందేమో అనుకున్నాను."

మండలి మీద రాస్తున్న కాలమ్ చించేసి, ఆ వారం దోమల మీద రాశాను.

కొన్నాళ్ళకి మళ్ళీ ఫోన్ వచ్చింది. చిన్న సవరణ ఒకటి ఉందనీ, రచయిత్రి స్వయంగా వచ్చి ఒప్పుకోవాలనీ చెప్పారు. పేపర్లో ప్రభుత్వాన్ని తిట్టేవాడంటే ప్రభుత్వానికి గౌరవం ఉంటుందని అత్తయ్య గట్టి నమ్మకం. నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది.

మండలిలోకి అడుగుపెట్టాలంటే ముందు యాప్‌లో టోకెన్ తీసుకోవాలి. యాప్ అడిగే మొదటి ప్రశ్న, 'రచయిత జీవించి ఉన్నారా?' కింద 'లేరు' అనే బటన్ ఆకుపచ్చగా మెరుస్తోంది. 'ఉన్నారు' అనేది బూడిదరంగులో ఉంది, ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. "ప్రస్తుతానికి లేరు అని పెట్టేయండి సార్, లోపలికొచ్చాక సరిచేయించుకోవచ్చు" అన్నాడు అవతలివాడు, రోజూ చెప్పే మాటే అన్నట్టు. అత్తయ్య నా చేతిలో ఫోన్ తీసుకుని తనే నొక్కింది. టోకెన్ తక్షణం వచ్చింది. దాంతోపాటు ప్రగాఢ సంతాపం కూడా వచ్చింది.

మండలి ఆఫీసు ఒకే ఒక పొడవాటి గది. నడిమధ్య ఇనప బీరువా ఒకటి అడ్డం పెట్టి దాన్ని రెండు విభాగాలు చేశారు. బీరువాకి ఈ పక్క సామ్యాల అధికారి, ఆ పక్క భేదాల అధికారి కూర్చుంటారు. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే రకం బట్టతల, ఒకే రంగు చొక్కా, ఫ్లాస్కు కూడా ఒకే కంపెనీది. (సామ్యాలవారు ఈ సంగతి ఎప్పుడో గమనించి పైకి రాశారట. భేదాలవారు ఒప్పుకోలేదు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.)

సామ్యాల అధికారి టోకెన్ చూశాడు, అత్తయ్యని చూశాడు, మళ్ళీ టోకెన్ చూశాడు.

"రచయిత్రి మీరేనా అమ్మా? ఇందులో మీరు పోయినట్టుంది."

"పోలేదండీ."

"సరే, కూర్చోండి" అన్నాడు కాస్త నీరసంగా. "బతికున్నవాళ్ళతో ఇదే చిక్కు. పోయినవాళ్ళ కథలైతే టీ తాగేలోపు అయిపోతాయి."

అత్తయ్య కథకి జతగా వాళ్ళు ఎంచుకున్నది ఒక గొడుగు కథ. బస్సులో ఎవరో మరిచిపోయిన గొడుగుని పట్టుకుని కండక్టరొకడు వానలో వీధులన్నీ తిరిగి, చివరికి దాని సొంతదారుకి చేరుస్తాడు. తను మాత్రం తడిసి ముద్దయి నవ్వుతూ తిరిగొస్తాడు. మంచి కథే. రాసినాయన పోయి చాలా కాలమైంది, నా అనేవాళ్ళు కూడా లేరు. అంటే మండలి దృష్టిలో ఆదర్శ రచయిత.

"మీ కథ అద్భుతం అమ్మా. ఒక్క గడి తప్ప అన్నీ నిండిపోయాయి" అన్నాడు సామ్యాల అధికారి.

"మీరు చదివారా బాబూ?" అని ఆశగా అడిగింది అత్తయ్య.

"సగం చదివానమ్మా. పోలికల వైపు. తేడాల వైపు చదవడానికి నాకు అధికారం లేదు."

పట్టిక మా వైపు తిప్పాడు. నేపథ్యంలో పోలిక అనే గడిలో, ఒకటి ఇల్లు, ఒకటి బస్సు, రెంటికీ పైకప్పు ఉంది అని రాసి ఉంది. సంఘర్షణలో పోలిక అనే గడిలో, రెండు కథల్లోనూ ఒక మనిషి చేతిలోది మరో మనిషికి చేరాలి అని ఉంది. (ఇది నిజంగానే బాగుంది. ఎవరో పొరపాటున కథలు చదివినట్టున్నారు.) ముగింపులో పోలిక అనే గడి మాత్రం తెల్లగా ఉంది.

"అక్కడేమో సుఖాంతం, ఇక్కడేమో విషాదం. పోలిక ఎక్కణ్ణించి తేవాలి చెప్పండి? అందుకే చిన్న సవరణ" అన్నాడాయన. "అక్కగారికి జ్వరం తగ్గిపోతుంది. లేచి అంచు కుట్టేస్తారు. గొడుగూ చేరింది, గౌనూ అయింది, గడీ నిండింది. ఒక్క వాక్యం మార్పమ్మా."

"అక్కకి జ్వరం తగ్గలేదండీ."

"కథలో తగ్గిద్దామమ్మా."

"కథలో కూడా తగ్గలేదు."

"మీరు ఇంకోలా ఆలోచించండి. అంచు కుట్టకుండా వదిలేస్తే కథ అసంపూర్తిగా ఉందని తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదులొస్తాయి. కుట్టేస్తే ఎవరికీ బాధ ఉండదు."

అత్తయ్య బతుకంతా కౌంటరుకి లోపలివైపు కూర్చున్న మనిషి. కుదరదని చెప్పడంలో ఎన్ని రకాలున్నాయో, ఏ కుదరదులో ఎక్కడ సందు ఉంటుందో ఆవిడకి బాగా తెలుసు. "బాబూ, రెండు కథలూ చివరికి అయిపోతాయి కదా. అదే పోలికని రాసుకోండి" అంది.

సామ్యాల అధికారి ముఖంలో మొదటిసారి గౌరవం కనిపించింది. "చాలా మంచి పోలికమ్మా. కానీ పోయినేడు వాడేశాం. ఇంకా నాలుగేళ్ళు ఆగాలి."

అంతలో బీరువా వెనకనుంచి ఓ గొంతు గట్టిగా వినిపించింది. "ఆ చావు తీయడానికి వీల్లేదు!"

అత్తయ్య ముఖం వెలిగిపోయింది. లేచి బీరువా పక్కనుంచి తొంగి చూసింది. "మీకైనా అర్థమైంది బాబూ, చల్లగా ఉండండి."

"అర్థం కాకేమమ్మా" అన్నాడు భేదాల అధికారి. "ముగింపులో తేడా గడి మొత్తం ఆ చావు మీదే నిలబడి ఉంది. అది కాస్తా వాళ్ళు తీసేస్తే నా గడి ఎవరు నింపుతారు?"

ఆ తర్వాత ఇద్దరు అధికారులూ బీరువా మీదుగా మా పెద్దత్తయ్య చావు గురించి బేరమాడుకున్నారు. ఇన్నేళ్ళకి సార్లిద్దరూ మాట్లాడుకుంటున్నారని బంట్రోతు మురిసిపోయి, అందరికీ మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు.

"చావుని మొదటి పేరాకి జరిపితే?"

"అప్పుడది ఇతివృత్తం లెక్కలోకి పోతుంది. అక్కడ గడి నిండింది."

"పోనీ అక్క బదులు పక్కింటావిడ పోతే?"

"కథలో పక్కింటావిడ ఉందా?"

"లేదు, పెడదాం."

అత్తయ్య సంచి రెండు చేతులా పట్టుకుని నేల చూపులు చూస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "అయ్యా, మీరు మాట్లాడుతున్నది ఆవిడ తోడబుట్టిన అక్క గురించి. ఇదంతా పేపర్లో రాస్తాను" అన్నాను, చేతనైనంత బెదిరింపుగా.

"తప్పకుండా రాయండి సార్" అన్నాడు సామ్యాల అధికారి మర్యాదగా. "దేనితో పోలుస్తూ రాస్తారు?"

అప్పుడే ఆయనకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. బల్ల మీద చరిచి, "కండక్టర్ని చంపేద్దాం" అన్నాడు.

బీరువా అవతల కూడా బల్ల మీద చరిచిన చప్పుడు. అది మెచ్చుకోలు చప్పుడు.

"గొడుగు ఇచ్చేసి తిరిగొస్తూ బస్సు కింద పడతాడు. రెండూ విషాదాంతాలే, నాకు పోలిక వచ్చింది. ఒకరు జ్వరంతో, ఒకరు బస్సు కింద, వాళ్ళకి తేడా వచ్చింది. కాదనడానికి రాసినాయన లేడు. అమ్మా, ఇంక మీ అక్కగారు నిక్షేపంగా పోవచ్చు. ఈ జత మీకు సమ్మతమేనని ఇక్కడొక సంతకం పెట్టండి చాలు."

అంతా అయిపోయినట్టే. ఒక్క సంతకంతో పెద్దత్తయ్య పేరు, ఆమె గుండుసూదులు, ఆమె 'రేపు కుడతాలే' అన్నమాట లక్షల ఇళ్ళకి వెళ్ళిపోతాయి. అత్తయ్య పెన్ను తీసుకుంది. గొడుగు కథ ఉన్న కాగితాలు ముందుకి లాక్కుని, ఆఖరి పేజీ మెల్లగా చదివింది. చదివి పెన్ను కింద పెట్టేసింది.

"పెట్టెయ్ అత్తయ్యా" అన్నాను నేను. "ఆ కండక్టరు కల్పితమే కదా."

"వీళ్ళ లెక్కలో మా అక్కా కల్పితమేరా" అంది అత్తయ్య. తర్వాత అధికారి వైపు తిరిగింది. "ఆ రాసినాయన ఎవర్ని చూసి రాశాడో, ఆ మనిషిని ఇంటికి క్షేమంగా చేర్చడానికి ఎంత తపన పడ్డాడో. ఆయన లేడనే కదా మీకీ ధైర్యం. రేపు నేను పోతే మా అక్కని కూడా లేపి కూర్చోబెడతారు. నాకొద్దు బాబూ. నా కథ నాకిచ్చేయండి."

సామ్యాల అధికారి నొచ్చుకోలేదు. అలాంటి పట్టింపులు ఆ ఉద్యోగంలో ఉండవు. "కథని తీసుకెళ్ళండమ్మా, అది మీ హక్కు" అన్నాడు. "దాని చోటు మాత్రం తీసుకెళ్ళడానికి వీల్లేదు. జత నంబరు పడిపోయింది."

ఆ మాటకి అర్థమేమిటో మా ఇద్దరికీ బోధపడలేదు. తిరిగొచ్చేటప్పుడు అత్తయ్య బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. టికెట్ ఇచ్చిన కండక్టర్ని అవసరమైనదానికన్నా ఎక్కువసేపు చూసింది. "పోనీలేరా" అంది దిగేముందు. "పిల్లలు చదవకపోతే చదవకపోయారు. అక్క ఎలా వెళ్ళిందో అలాగే ఉంది. దాన్నెవరూ బతికించలేదు, నాకది చాలు."

బడులు తెరిచారు. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలోకి వచ్చింది, కొత్త వాచకం ఇంటికి తెచ్చింది. అందులో గొడుగు కథ ఉంది, కండక్టరు బతికే ఉన్నాడు. దాని తర్వాత తెల్ల కాగితాలు వచ్చాయి. మొదటిదాని నెత్తిన 'రెండవ కథ (ఉపసంహరించబడినది)' అని అచ్చు వేశారు. అవి దాటగానే పట్టిక ఎప్పటిలాగే ఉంది. 'పై రెండు కథలనూ చదివి పోల్చుము' అని పైన రాసి ఉంది.

మన ఉపాధ్యాయులు ఇలాంటివాటికి బెదిరే రకం కాదు. లేని కథను బోధించే పద్ధతి మీద వాళ్ళకి శిక్షణ శిబిరం పెట్టారు, దానికి రానివాళ్ళకి సంజాయిషీ నోటీసులు ఇచ్చారు. ఆ వెంటనే గైడ్లు దిగాయి. రెండవ కథలో పాత్రలు మితంగా ఉన్నాయని, సంఘర్షణ బయటికి కనిపించదని, శైలి ఎక్కడా పాఠకుణ్ణి విసిగించదని వాటిలో రాశారు. ఒక గైడు మరో అడుగు ముందుకేసి, రెండవ కథ రచయిత్రి చెప్పదలచుకున్నదంతా పాఠకుడి ఊహకే వదిలేశారని మెచ్చుకుంది. అత్తయ్యకి ఈ జన్మలో దక్కిన సాహిత్య విమర్శ అదొక్కటే.

పరీక్షలయ్యాయి. పోలికల ప్రశ్నకి ఇంత గొప్ప ఫలితాలు మండలి చరిత్రలో ఎప్పుడూ రాలేదు. సమీక్షా సమావేశంలో రెండు విభాగాలూ కలిసి ఒకే అభిప్రాయానికి వచ్చాయి. ఇన్నాళ్ళూ పిల్లల్ని ఇబ్బంది పెట్టింది పోల్చడం కాదు, కథలేనని తేలింది. వచ్చే ఏడు గొడుగు కథని కూడా తీసేస్తున్నారు. దాంతో పోలికలకి ఇక లోటుండదు. తేడాల సంగతేమిటని భేదాల అధికారి గుటకలు మింగితే, ఒకదానికి మూడు తెల్ల పేజీలు, ఇంకోదానికి నాలుగు ఇద్దామని సామ్యాల అధికారే సర్దిచెప్పాడట. ఇప్పుడు ఆ గదిలో బీరువా కూడా లేదని బంట్రోతు చెప్పాడు.

పోయిన ఆదివారం మా అమ్మాయి తన జవాబు పత్రం తెచ్చి చూపించింది. అత్తయ్య ఆవేళ మా ఇంట్లోనే ఉంది. "నాది చూడు అమ్మమ్మా, పూర్తి మార్కులు" అని పట్టిక పేజీ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది. (వరుసకి మా అత్తయ్య దానికి అమ్మమ్మే.) అత్తయ్య కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో గడీ చదువుతూ, మనవరాలి రాత బాగుందంటూ కిందికి వచ్చింది. ఆఖరి వరుస దగ్గర వేలు ఆగిపోయింది. ముగింపులో పోలిక అనే గడిలో మా అమ్మాయి గుండ్రటి అక్షరాలతో, 'రెండు కథలలోనూ ఎవరూ చనిపోలేదు' అని రాసింది.

"మా అక్క పోయింది కదే" అంది అత్తయ్య చాలా నెమ్మదిగా.

"తెలుసు అమ్మమ్మా, నాన్న చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది కూడా" అంది పిల్ల. "కానీ అలా రాస్తే మార్కు పోతుంది. మా క్లాసులో అందరం ఇదే రాశాం."

అత్తయ్య ఆ గడి మీద బొటనవేలితో ఒకసారి నిమిరి, పేపరు మడత పడకుండా జాగ్రత్తగా నా చేతికిచ్చింది. పక్కన దిద్దినవారు ఎర్రసిరాతో 'చక్కని పరిశీలన, కథను బాగా చదివావు' అని రాశారు.